కలివికోడి ముచ్చట

మంట దగ్గరికి జరుగు నాయనా. ఆ కంపకట్టె ఇంకోటి ఎగదోయి.

మధ్యాన్నం మీ నాయన మాట విన్నా. చెరువు పైన బీడంతా ఒట్టి కంప, జేసీబీ పెట్టి ఎత్తించేస్తే నిమ్మచెట్లు పెట్టుకోవచ్చన్నాడు. నేను మేకలు కాసిన బీడు అది. కలివిపండ్లు తిని నోరంతా నల్లగా చేసుకొని ఇంటికొస్తే మా అమ్మ నాలిక చాపమనేది. కలివి, రేగు, బలుసు, తుమ్మ. పొదకీ పొదకీ నడుమ మేక దూరేంత సందు. ఆ సందు సంగతే నీకు చెప్పాల.

కలివికోడని ఒక పిట్ట ఉంది. పేరుకి కోడే, పావురమంత కూడా ఉండదు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. రాత్రిళ్లు తిరిగేది గాబట్టి ఇంతింత కళ్లు. పొద్దుగూకినాక కాసేపు కూస్తుంది, అంతే. ఎగరడం తక్కువ, పొదల సందుల్లో పరుగే. కంప దట్టమైతే దానికి పరుగు సాగదు, మొత్తం కొట్టేస్తే దాక్కునే చోటుండదు.

దొరల కాలంలో నెల్లూరులో జెర్డన్ అనే డాక్టరుండె. మన యానాదుల దగ్గర అడవి జీవాల సంగతులు తెలుసుకున్నాడు. ఈ పిట్ట ఊసు 1848లో లోకానికి తెలిసింది ఆయన వల్లే. నెల్లూరు, కడప కొండల్లో ఉందని రాసిపెట్టాడు. 1900 తర్వాత ఇంకెవరికీ కనపడలా. అంతరించిందనే అనుకున్నారు.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి, బొమ్మ చూపించి పల్లెల్లో అడిగాడు. 1986 జనవరిలో, కొండకవతల కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, ఒక వేటగాడు రాత్రిపూట లైటేసి పట్టాడు. 86 ఏళ్లకి! పిట్టల శాస్త్రవేత్త సలీం అలీకి కబురు పోయింది. అప్పటికాయనకి 89 ఏళ్లు. ఆ వయసులో పరిగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి పిట్ట చచ్చిపోయుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె పిండినట్టుంటుంది.

ఆ పిట్ట కోసమే 1988లో అక్కడి లంకమల్ల అడవిని అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలవ ఆ పిట్ట తావులకి అడ్డమొస్తే దారి మళ్లించారు. అంత పెద్ద కాలవ, పిట్ట కోసం పక్కకి జరిగింది చూడు! దాన్ని వెతికేవాళ్లు పొదల నడుమ మెత్తటి మన్ను పరిచి, తెల్లారి వంగి చూసేవాళ్లంట, వెనక వేలు లేని మూడువేళ్ల అడుగు ఏమన్నా పడిందేమోనని.

మీ నాయనకి నేను చెప్తా, నువ్వూ చెప్పు. నిమ్మకి కిందచేను చాలు. పైబీడు జోలికి పోవద్దు.