సున్న ఎక్కడ?

క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయము’లో ఆర్యభటుడు నావను ఉపమానముగా తీసికొన్నాడు. ముందుకు సాగు నావలోనివానికి గట్టున కదలక నిలిచిన వస్తువులు వెనుకకు పోవుచున్నట్లు తోచును. అట్లే భూమితోపాటు తిరుగుచున్న నరునికి నక్షత్రములు పడమరకు పోవుచున్నట్లు కనిపించునని అతని భావము. వేగము చూచువాని స్థానమును బట్టి చెప్పవలసినదే. వేగపు లెక్క మారినచో గతిజశక్తి లెక్కయు మారును.

ఎత్తు సంగతియు ఇట్టిదే. పందొమ్మిదవ శతాబ్దిలో భారత సర్వే శాఖవారు దేశమును త్రికోణమితితో కొలిచినపుడు, ప్రతి శిఖరమునకును ‘ఎక్కడి నుండి ఎత్తు?’ అన్న ప్రశ్న వచ్చినది. వారు సముద్రమును ఎంచుకొన్నారు. సముద్రమును నిలకడగా ఉండదు. కావున ఆటుపోట్ల సగటు మట్టమునే సున్న అన్నారు. రాధానాథ్ సిక్దార్ మొదలైనవారి గణనల ఫలముగా 1856లో ప్రకటింపబడిన ఎవరెస్టు ఎత్తు, 29,002 అడుగులు, సముద్రమట్టము నుండి చెప్పినదే.

అంతకు మూడేండ్ల ముందు, 1853లో, స్కాట్లండు శాస్త్రజ్ఞుడు రాంకిన్ స్థితిజశక్తికి ఆ పేరు పెట్టినాడు. వస్తువు బరువును ఎత్తుతో గుణించినచో ఆ శక్తి తెలియును. అయినను, ఆ ఎత్తు ఎక్కడి నుండి?

కృష్ణానదిని చూచినచో విషయము తేటపడును. శ్రీశైలము జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. దిగువనున్న నాగార్జునసాగరమునది 590. రెండును సముద్రమట్టము నుండి చెప్పినవే. సముద్రము సున్న అనుకొన్నచో శ్రీశైలమందలి ఒక కిలోగ్రాము నీటి స్థితిజశక్తి సుమారు 2,646 జౌల్‌లు. సాగరపు మట్టము సున్న అనుకొన్నచో 882 మాత్రమే. ఎవరెస్టు శిఖరమే సున్న అనుకొన్నచో అది ఋణసంఖ్య యగును.

కాని ఆ నీరు 295 అడుగులు దిగినపుడు కోల్పోవు స్థితిజశక్తి మూడు లెక్కలలోను 882 జౌల్‌లే. రాపిడి లేదనుకొన్నచో గట్టున నిలిచి కొలుచువానికి అదియే గతిజశక్తిగా కనబడును; వేగము సెకనుకు సుమారు 42 మీటర్లగును. సున్నను మార్చినందువలన నీరు వేగము పుంజుకొనదు, తగ్గదు.

885 అన్న అంకెను మాత్రమే చూచి విద్యుత్తును ఊహించుట పొరపాటు. సాగరము నిండినకొద్దియు శ్రీశైలపు నీరు దిగు ఎత్తు తగ్గును. మట్టమును చెప్పినవారిని క్రింది మట్టమెంతయని కూడ అడుగవలెను.