రక్తవర్గములును మనుష్యస్వభావమును

రక్తవర్గమును బట్టి మనుష్యుని స్వభావమును, వానికి పొసగెడి స్నేహవివాహ సంబంధములను ఎఱుగవచ్చునను జనవిశ్వాసము జపానుదేశమున పుట్టి దక్షిణ కొరియాకును పాకినది. ఓపికయు జంకును ‘ఎ’ వర్గమువారికి, స్వేచ్ఛాప్రవృత్తి ‘బి’ వర్గమువారికి, ధైర్యము ‘ఓ’ వర్గమువారికి, ద్వంద్వస్వభావము ‘ఎబి’ వర్గమువారికి అంటగట్టుట పరిపాటి.

1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ వియన్నానగరమున వెల్లడించిన రక్తవర్గభేదము శీలమునకు సంబంధించినది కాదు. ఎఱ్ఱ కణముల ఉపరితలమందలి చక్కెర అణువుల భేదమే దానికి మూలమని పిమ్మట తేలినది. అయినను మొదటి ప్రపంచయుద్ధమున సలోనికా యుద్ధరంగమునందు వైద్యులైన హిర్ష్‌ఫెల్డ్ దంపతులు, భారతీయ సిపాయీలతో కూడ సుమారు 8,000 మంది రక్తమును పరీక్షించి, ‘ఎ’ వర్గము ఐరోపీయులలోను ‘బి’ వర్గము ఆసియావాసులలోను హెచ్చని 1919లో ప్రకటింపగా, జాత్యహంకారులు కొందఱు ఆ లెక్కలనుండి జాతుల ఉచ్చనీచములను తీయబూనిరి.

ఇట్టి వాతావరణముననే, టోక్యోలోని స్త్రీల ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయమున ఆచార్యుడైన ఫురుకావా తకేజీ, తన బంధువులలో పదునొకండుగురిని పరిశీలించుటతో ఆరంభించి, రక్తవర్గమే స్వభావమును నిర్ణయించునని 1927లో మనశ్శాస్త్ర పత్రికయందు ప్రతిపాదించెను. 1930లో ఫార్మోసా (తైవాన్) ద్వీపమందలి ముషా ప్రాంతపు ఆదివాసులు జపాను పాలకులపై తిరుగబడిరి. వెట్టిచాకిరియు పోలీసుల దౌర్జన్యమును వారిచే ఆయుధములు పట్టించినవి. ఫురుకావా మాత్రము ఆ ద్వీపవాసులలో ‘ఓ’ వర్గమువారు నూటికి 41 మంది యుండగా, సాధువులని పేరొందిన ఉత్తర జపానుదేశపు ఐనూ జాతివారిలో 24 మందియే యుండుట చూపి, తిరుగుబాటుకు ఆ వర్గమే మూలమని తలచి, వివాహసాంకర్యముచే ఆ వర్గమును తగ్గింపవలెనని సూచించెను. పీడితుల న్యాయమైన ఆగ్రహమును వారి నెత్తుటి దోషముగా చిత్రించుటకంటె ఘోరమైన శాస్త్రాభాసము వేఱొకటి కలదా?

1933లో న్యాయవైద్య పండితులు ఈ వాదమును త్రోసిపుచ్చిరి. వైద్యవిద్య నభ్యసింపని రచయిత నోమి మసాహికో 1971లో వెలువరించిన గ్రంథము దానికి మరల ప్రాణము పోసెను. 2004లో ఈ విషయముపై టెలివిజను కార్యక్రమములు ముమ్మరించి, పాఠశాలలలో ‘బి’, ‘ఎబి’ వర్గముల పిల్లలు అవహేళనకు గురియగుచున్నారన్న ఫిర్యాదులు రాగా, ప్రసారనైతికతా సంస్థ హెచ్చరిక చేయవలసివచ్చెను. 2011లో భూకంప పునర్నిర్మాణ మంత్రి మత్సుమోతో ర్యూ, బాధిత ప్రాంతపు గవర్నరులతో పరుషముగా మాటలాడి, తనది ‘బి’ వర్గమగుటచే దుడుకుతనము కలదని సమాధానము చెప్పుకొని, ఆ పిదప పదవి విడిచెను.

జపానీయులను, అమెరికనులను కలిపి పదివేలమందికి పైగా అడిగిన ప్రశ్నల సమాధానములను మనశ్శాస్త్రజ్ఞుడు నవాతా కెంగో 2014లో పరిశీలింపగా, 68 ప్రశ్నలలో 65 యందు వర్గములమధ్య గణింపదగిన భేదమే కానరాలేదు. తక్కిన మూడింటను కనిపించినది అత్యల్పము.