కింగ్ కాంగ్: వాడ పాట లండన్ చేరేసరికి

అణగదొక్కబడ్డ జనాల ఆటపాటలు దేశం దాటి ఆడితే అదే పెద్ద గౌరవమని మురిసిపోతాం. దాటేముందు వాటిమీద ఎవరి చెయ్యి పడింది, ఎవరికోసం ఏం మారింది అని అడగం. దక్షిణాఫ్రికా సంగీత నాటకం ‘కింగ్ కాంగ్’ చరిత్రని మేం ఆ ప్రశ్నతోనే చూస్తున్నాం.

పేరు చూసి హాలీవుడ్ కోతి కథ అనుకోవద్దు. ఎజెకియల్ డ్లామిని అనే నల్ల హెవీవెయిట్ బాక్సర్ మారుపేరది. ప్రియురాలిని చంపి, కోర్టులో తనకి మరణశిక్షే వెయ్యమని అడిగాడు. జైలుకి పంపారు. 1957లో నీళ్లలో మునిగి చనిపోయాడు. ఈ కథకి సంగీతం కట్టినవాడు టాడ్ మాట్షికిజా, ‘డ్రమ్’ పత్రికలో రాసిన నల్ల రచయిత. 1959 ఫిబ్రవరి 2న జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం గ్రేట్ హాల్లో మొదటి ఆట పడింది. అక్కడే ఎందుకు? నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే కప్పు కింద కూర్చుని నాటకం చూడగలిగే చోట్లు ఆ నగరంలో చాలా తక్కువ గనక.

పాడినవాళ్లూ ఆడినవాళ్లూ నల్లవాళ్లు: నాథన్ మ్డ్లెడ్లె, మిరియం మకేబా, ఇంకా ఎందరో. కథ రాసిన హ్యారీ బ్లూమ్, పాటలు రాసిన పాట్ విలియమ్స్, దర్శకుడు లియాన్ గ్లక్‌మన్ తెల్లవాళ్లు. వీళ్లని శత్రువుల గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. రంగాలంకరణ చేసిన ఆర్థర్ గోల్డ్‌రైక్ 1963లో లిలీస్‌లీఫ్ పొలంలో మండేలా సహచరులతోపాటు అరెస్టయినవాడే. అయినా పని పంపకం చూడండి. మన మాటల్లో చెప్పాలంటే గొంతూ ఒళ్లూ వాడవి, కలమూ తుదిమాటా ఊరివి. 1961లో అచ్చయిన ‘చాక్లెట్స్ ఫర్ మై వైఫ్’లో మాట్షికిజా, తన సంగీతం తెల్ల చేతుల్లో రంగు మారిపోవడాన్ని పీడకలలా చెప్పుకున్నాడు. ఆ బాధ జొహానెస్‌బర్గ్‌లో నాటకం తయారవుతున్నప్పటిదే. అంటే పరాయి ప్రేక్షకుడు సముద్రం అవతల కాదు, ముందే అదే ఊళ్లో ఉన్నాడు.

అయితే ఆ ఊళ్లో నాటకానికి రెండో గొంతు కూడా ఉండేది. మొదట్లో వచ్చే పాటలో ఖోసా భాషలో కొన్ని మాటలున్నాయి. 1956 డిసెంబర్‌లో 156 మందిని పట్టుకుపోయి పెట్టిన రాజద్రోహం కేసు గురించే అవి అని నల్లవాళ్లు పట్టేసుకున్నారు. ఆ భాష రాని తెల్లవాళ్లకి అది ఉత్త బాణీ. ఒకే హాలు, ఒకే పాట, రెండు వినికిడులు.

1961 ఫిబ్రవరి 23న, జాక్ హిల్టన్ నిర్వహణలో, లండన్ ప్రిన్సెస్ థియేటర్లో ఆట మొదలైంది. అప్పటికే షార్ప్‌విల్ కాల్పులు (1960 మార్చి 21) జరిగిపోయాయి. అధికారిక లెక్కలోనే 69 మంది చనిపోయారు. మకేబా 1959లోనే దేశం దాటింది. తల్లి చనిపోతే కూడా తిరిగి రానివ్వలేదు. జాయిస్ పాత్ర పెగ్గీ ఫాంగో వేసింది. వెస్ట్ ఎండ్ అలవాట్లకి తగ్గట్టు నాటకాన్ని సవరించారు, నున్నగా చేశారు. కానీ అసలు మార్పు కాగితం మీద దొరకదు. మార్చి 29న రాజద్రోహం కేసులో మిగిలిన ముద్దాయిలందరూ నిర్దోషులని తీర్పొచ్చింది. లండన్‌లో నాటకం ఆడుతూనే ఉంది. ఆ రాత్రి ఆ పాటకి జొహానెస్‌బర్గ్‌లోనైతే హాలు ఎట్లా కదిలేదో ఊహించుకోండి. లండన్ కుర్చీల్లో ఆ కేసు ముద్దాయిల అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు. మాట మారకపోయినా వినేవాడు మారితే పాట మారిపోతుంది.

అందుకని పోకుండా ఉండాల్సింది అనగలమా? అనలేం. ఆ దేశం నుంచి బయటపడే దారి చాలామందికి ఈ నాటకమే చూపించింది. మాన్‌హట్టన్ బ్రదర్స్ లండన్‌లోనే ఉండిపోయారు. మాట్షికిజా 1968లో పరాయి గడ్డమీదే, జాంబియాలోని లుసాకాలో చనిపోయాడు. 2017లో కేప్‌టౌన్‌లో నాటకాన్ని మళ్లీ ఆడించినప్పుడు దర్శకుడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన జోనథన్ మన్‌బీ.

కళ మారకుండా ఉండాలనడం మ్యూజియం వాళ్ల వాదన. మాది కాదు. ఏది మార్చాలో, ఏది ముట్టకూడదో చెప్పే అధికారం ఎవరి చేతుల్లో ఉంది? పాట ఎవరిదో వాళ్ల చేతుల్లో లేనప్పుడు, చప్పట్లు ఎంత గట్టిగా మోగినా అవి ఇంకొకళ్ల ఖాతాలోకే పోతాయి. మన డప్పూ మన చిందూ పై వేదికలకి పిలుపు అందుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఈ లెక్కే.