పాత కారు స్టార్ట్ కాకపోయినా, మీటర్‌లో లైటు వెలిగినా ముందు చూడాల్సినవి

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మన ఇళ్లలో కారు అంటే చాలామటుకు సెకండ్ హ్యాండే. పది, పదిహేనేళ్ల ఆల్టో, వేగనార్, శాంత్రో, ఇండికా, లేదంటే డీజిల్ స్విఫ్ట్. రోజూ తిరగదు. నికాకో, విజయవాడ ఆసుపత్రికో, ఈద్‌కి చుట్టాలింటికో వెళ్లాలంటేనే కవర్ తీస్తాం. సరిగ్గా ఆ రోజే అది మొండికేస్తుంది. కంగారులో మెకానిక్ చెప్పినవన్నీ మార్చేస్తాం. ముందు బ్యాటరీ, తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత పెట్రోల్ పంపు. మూడు బిల్లులు కట్టాక చూస్తే అసలు తప్పు వదులైన బ్యాటరీ క్లాంపులో ఉంటుంది. మెకానిక్ మోసం చేశాడని కాదు. "బండి స్టార్ట్ అవ్వట్లేదు భాయ్" అని ఒక్క మాట ఫోన్‌లో చెబితే ఆయన మాత్రం ఏం ఊహిస్తాడు?

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. తాళం తిప్పితే ఇంజిన్ అసలు తిరుగుతోందా, లేక బాగానే తిరుగుతూ అంటుకోవట్లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

టక్ టక్ మని శబ్దం వచ్చి ఆగిపోయినా, నీరసంగా తిరిగినా, హారన్ గొంతు పోయినట్టు వచ్చినా బ్యాటరీ వైపు చూడాలి. బానెట్ ఎత్తగానే టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుందేమో చూడండి. క్లాంపు చేత్తో కదిపితే కదలకూడదు. పొడి ఉంటే ముందు మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ క్లాంపు విప్పి, వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి, ఆరాక బిగిస్తే చాలాసార్లు అక్కడికే సరిపోతుంది. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తర్వాత. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా నిలబడ్డ బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి వచ్చినట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీది కాదు, ఛార్జింగ్ చేసే ఆల్టర్నేటర్‌ది, లేదా దాని బెల్టుది. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది. బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క కొలత తీయమని షాపులో అడగండి, నిమిషం పని.

పక్కింటి కారుతో వైరు వేసి లేపాలంటే ఎర్ర వైరు ముందు మన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత వాళ్ల ప్లస్‌కి. నల్ల వైరు వాళ్ల మైనస్‌కి పెట్టి, రెండో కొస మన ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి పెట్టాలి, మన బ్యాటరీ మైనస్‌కి కాదు. ఆఖరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. ఆ రెండూ దగ్గర ఉండకూడదు.

ఇంజిన్ గట్టిగా తిరుగుతూ అంటుకోవట్లేదంటే బ్యాటరీని వదిలేయండి. పెట్రోల్ కారైతే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ దాకా తిప్పి చెవి పెట్టి వినండి. చాలా కార్లలో వెనక సీటు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని వస్తుంది. అది ట్యాంకులో పంపు. ఆ శబ్దం ఎప్పుడూ వచ్చే బండిలో ఇవాళ రాకపోతే ఫ్యూజు, రిలే, పంపు వరసగా చూడాలి. ఫ్యూజుతో మొదలుపెట్టాలి, పంపుతో కాదు. శబ్దం వస్తోంది, కానీ పొద్దున పూట చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ లేవట్లేదు అనుకోండి. తాళం రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి అప్పుడు కొట్టి చూడండి. వెంటనే లేస్తే పైపులో పెట్రోల్ ప్రెషర్ రాత్రికి రాత్రి దిగిపోతున్నట్టు. ఈ ఒక్క వాక్యం మెకానిక్‌కి చెబితే సగం రిపేరు అయినట్టే.

ఎప్పుడు లేవట్లేదు అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు ఇబ్బంది, వేడెక్కాక బాగుంది అంటే ప్లగ్గులు, కూలెంట్ వేడిని చెప్పే సెన్సర్ అనుమానితులు. దీనికి తిరగబడి, గూడెం దాకా బాగానే వచ్చి టీకి ఆపాక లేవదు, అరగంట చల్లారాక లేస్తుంది అంటే క్రాంక్ సెన్సర్ మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. మీటర్‌లో తాళం బొమ్మ, లేదా కారు మీద తాళం ఉన్న బొమ్మ టపటపా కొట్టుకుంటుంటే ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోవచ్చు. తాళంలోని చిప్‌ని బండి గుర్తుపట్టట్లేదు. బీరువాలో దాచిన రెండో తాళంతో కొట్టి చూడండి.

డీజిల్ బండి సంగతి వేరు. స్ప్రింగు బొమ్మ లైటు ఆరేదాకా ఆగి కొట్టాలి. అయితే మన ఊళ్ల ఎండకి గ్లో ప్లగ్గులు పాడైనా బండి తరచూ లేస్తుంది, కాబట్టి వాటి మీదే మొత్తం నెపం వేసేయకూడదు. ఫిల్టర్‌లో నీళ్లు చేరడం, పైపుల్లోకి గాలి రావడం చూడాలి. చాలా డీజిల్ ఫిల్టర్ల అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. సర్వీసులో దాన్ని తిప్పించుకున్నామా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

గ్యాస్ కిట్ ఉన్న కార్ల వాళ్లకి ఒక మాట. బండి గ్యాస్ మీదే నడుస్తోంది కదా అని పెట్రోల్ ట్యాంకు ఎండబెట్టకండి. పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. పొదుపు చేసిన దానికంటే పంపు ఖర్చే ఎక్కువవుతుంది. లెక్క ఎలా వేసినా నష్టమే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. దానికి తగ్గ రబ్బరు, పైపులు 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలోనే తప్పనిసరిగా వచ్చాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పాత కారుని పావు ట్యాంకుతో నెలల తరబడి షెడ్డులో ఉంచితే పెట్రోల్ చెడి స్టార్టింగ్ కష్టమవుతుంది. వారానికోసారి కాసేపు నడపండి.

ఇక మీటర్‌లో లైట్లు. పసుపుది చూపించుకోమని, ఎర్రది ఆపమని. ఎర్రటి వాటిలో నూనె డబ్బా బొమ్మ అన్నిటికంటే ప్రమాదం. భీమడోలు దగ్గర హైవే మీద అది వెలిగితే "ఇంకో పది కిలోమీటర్లే కదా, గుండుగొలను దాటేద్దాం" అనుకోకూడదు. ఆయిల్ ప్రెషర్ లేకుండా నడిస్తే నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది. పక్కకి తీసి ఆపి, డిప్‌స్టిక్ చూడండి. థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వచ్చినా ఆపాల్సిందే, కానీ వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. పక్కన పిల్లలుంటే మరీ జాగ్రత్త. బ్యాటరీ బొమ్మ వెలిగిందంటే బండి ఇక బ్యాటరీలో మిగిలిన కరెంటు మీదే నడుస్తోంది. ఏసీ, పాటలు కట్టేసి దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి చేరండి. దాంతోపాటు వేడి కూడా పెరుగుతుంటే బెల్టు తెగి ఉండొచ్చు. చాలా పాత కార్లలో నీళ్ల పంపుకి, ఆల్టర్నేటర్‌కి ఒకటే బెల్టు, కాబట్టి అక్కడే ఆపేయాలి. బ్రేక్ లైటు హ్యాండ్ బ్రేక్ దించినా ఆరకపోతే బ్రేక్ ఆయిల్ తగ్గింది. దాన్ని పైపైన పోసి వదిలేయకుండా ఎక్కడికి పోయిందో చూడాలి.

పసుపు రంగు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే, బండి మామూలుగా నడుస్తుంటే ఇంటికి వెళ్లొచ్చు. మిణుకుమిణుకుమంటూ బండి వణుకుతుంటే మాత్రం ఏదో సిలిండర్ మండట్లేదు. మండని పెట్రోల్ సైలెన్సర్‌లోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది.

ఈ లైటుకి కారణం చదవడానికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ గుచ్చితే ఫోన్‌లో కోడ్ వస్తుంది. పి 0300 అంటే మంట తప్పుతోంది, పి 0301 అయితే ఒకటో సిలిండర్‌లో. పి 0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. సర్క్యూట్ అన్న మాట మర్చిపోకండి. సెన్సరే పోయి ఉండొచ్చు, దాని వైరు తెగి ఉండొచ్చు, కనెక్టర్ పచ్చగా చిలుమెక్కి ఉండొచ్చు. కోడ్ చూసి నేరుగా సెన్సర్ కొనడం తొందరపాటు. ఇంకో చిక్కు కూడా ఉంది. బీఎస్-4 రూలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ లాంటి 13 నగరాల్లోనే మొదలైంది, దేశమంతా వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి మరీ పాత బళ్లలో ఈ చవక స్కానర్ పలకకపోవచ్చు. కంపెనీ స్కానర్ ఉన్న వర్క్‌షాపుకి వెళ్లాలి.

కొల్లేరు పక్కన ఉండేవాళ్లకి పైవాటన్నిటికీ తేమ తోడవుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల మధ్య నిలబడే బళ్లలో వైర్ల కనెక్టర్లు, ఎర్త్ వైరు బిగించిన చోటు తొందరగా తుప్పు పడతాయి. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఒకేసారి సంబంధం లేని నాలుగు లైట్లు వెలుగుతాయి. వరి కోతలయ్యాక పొలాల ఎలకలు షెడ్డుల్లోకొచ్చి బానెట్ కింద వైర్లు కొరుకుతాయి. కొన్ని వారాలు కదలని బండి స్టార్ట్ చేసే ముందు ఓసారి బానెట్ ఎత్తడం అలవాటు చేసుకోండి.

అన్నిటికంటే పెద్ద నష్టం వరదది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకే వస్తాయి, సముద్రానికి పోవడానికి ఉప్పుటేరే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాక ఆ నీళ్లు ఇటే దిగాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగాయి. నీళ్లలో ఆగిపోయిన కారుని, షెడ్డులో మునిగిన కారుని "లేస్తుందేమో చూద్దాం" అని సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొట్టకుండా ఉంటే ఆరబెట్టి, ఆయిల్ మార్చి బాగుచేసుకునే బండి, కొడితే ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మునిగిన దానికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పోగొట్టుకుంటే ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా తీసుకోనివాళ్లకి కంపెనీలు సాధారణంగా కాదంటాయి. క్లెయిముకి ఫొటోలు తీసి, టో బండి పిలిపించండి.

వరద తర్వాత నెలల్లో తక్కువ ధరకి వచ్చే కార్లు కొనేటప్పుడు ఒకటి చూడండి. తాళం ఆన్ చేయగానే, ఇంజిన్ లేవకముందు, ఇంజిన్ బొమ్మ, ఆయిల్ బొమ్మ, బ్యాటరీ బొమ్మ అన్నీ వెలగాలి. లేచాక ఆరిపోవాలి. ఏదైనా బొమ్మ అసలు వెలగకపోతే దాని బల్బు తీసేశారేమో అనుమానించాలి. కోడ్‌లు అప్పుడే చెరిపేసినా లైటు ఆరే ఉంటుంది, కానీ స్కానర్‌లో పరీక్షలు పూర్తి కాలేదని కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక పూట మీరే నడిపి, మళ్లీ స్కాన్ చేశాకే బయానా ఇవ్వండి. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపలి సగం మీద బురద చార ఉంటే ఆ కారు నీళ్లలో మునిగింది.