బడిలో భోజనం: ఏ పద్దు కింది ఖర్చు?

ప్రాథమిక పాఠశాల చరిత్రను సాధారణంగా పాఠ్యప్రణాళిక, ఉపాధ్యాయులు, హాజరు పట్టికల ఆధారంగా రాస్తారు. పేద కుటుంబానికి బిడ్డ మధ్యాహ్నపు ఆకలి కూడా చదువు ఖర్చులో భాగమే. ఈ సంగతిని తొలుత గుర్తించిన స్థానిక సంస్థల్లో మద్రాసు కార్పొరేషన్ ఒకటి. తెలుగు దేవాంగ కుటుంబంలో జన్మించిన పిట్టి త్యాగరాయ చెట్టి దాని అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ పాఠశాలలో విద్యార్థి ఒక్కింటికి రోజుకు అణాకు మించని వ్యయంతో ఉపాహారం ఏర్పాటైంది. తరువాత అది మరి నాలుగు పాఠశాలలకు విస్తరించింది. పిల్లల చేరిక పెరిగింది.

అయితే ప్రాథమిక విద్యానిధి నుండి ఈ వ్యయాన్ని భరించడానికి ప్రభుత్వం సమ్మతించలేదు. ఫలితంగా 1925లో పథకం నిలిచిపోయింది. ఫలితాలిస్తున్న ఏర్పాటును పద్దు నిర్వచనమే ఆపివేసిందన్నది ఇక్కడ గమనార్హం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో అమలు మొదలైంది. దానితో బడి భోజనం పాలకుల దయ నుండి బిడ్డ హక్కుగా మారింది.

కనుక ఇటువంటి పథకాలను అధ్యయనం చేసేవారు లబ్ధిదారుల సంఖ్యతోపాటు, ఆ ఖర్చు ఏ పద్దు కింద నమోదైందో కూడా పరిశీలించడం అవసరం. పథకం ఆయుష్షు చాలావరకు అక్కడే నిర్ణయమవుతుంది.