ఒకే పేజీకి రెండు దారులు: గ్రాఫిక్స్ డ్రైవర్లు, క్యాష్ లక్షణాలు

ప్రాసెసర్ తరచూ వాడే సమాచారాన్ని ప్రధాన మెమరీ నుండి తెచ్చి తన చెంతనే ఒక చిన్న, వేగమైన నిల్వలో ఉంచుకుంటుంది. ఇదే క్యాష్. (నగదుకూ దీనికీ సంబంధం లేదు.) మామూలు ప్రోగ్రాములకు ఇది మేలే. గ్రాఫిక్స్ కార్డు మాత్రం మెమరీని నేరుగా చదువుతుంది. ప్రాసెసర్ రాసిన కొత్త బొమ్మ క్యాష్‌లోనే ఉండిపోతే కార్డుకు పాత బొమ్మే అందుతుంది. క్యాష్‌ను పూర్తిగా మానేస్తే పని బాగా నెమ్మదిస్తుంది. మధ్యేమార్గం 'రైట్ కంబైనింగ్': చిన్న చిన్న రాతలను కూడబెట్టి ఒక్కసారిగా పంపడం.

1995లో వచ్చిన ఇంటెల్ పెంటియం ప్రో ఈ సౌకర్యాన్ని ఎంటీఆర్ఆర్ అనే రిజిస్టర్ల ద్వారా కల్పించింది. భౌతిక మెమరీలో ఒక పెద్ద ప్రాంతానికంతా ఒకే లక్షణం. రిజిస్టర్లు కొద్దే. కార్డు మీద ఒకేచోట ఉండే మెమరీకి అవి సరిపోయాయి.

1996లో ఇంటెల్ ప్రకటించిన ఏజీపీతో పరిస్థితి మారింది. కార్డు ఇప్పుడు ప్రధాన మెమరీలో చెదిరి ఉన్న పేజీలను కూడా వాడుకోగలదు. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. అదే పేజీని లినక్స్ కెర్నెల్ తన సొంత మ్యాపింగ్‌లో క్యాష్ అయ్యేదిగానే ఉంచుకునేది. అంటే ఒకే పేజీకి రెండు దారులు, రెండు లక్షణాలు. ప్రాసెసర్ నియమాల ప్రకారం ఇది నిషిద్ధం. అయినా చాలాకాలం ఏమీ కాలేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

2002లో ఏఎండీ అథ్లాన్ యంత్రాల్లో ఆ నిర్లక్ష్యం బయటపడింది. వేగం కోసం ఆ ప్రాసెసర్ జరగబోయే రాతను ముందే ఊహించి, ఆ చిరునామాలోని సమాచారాన్ని క్యాష్‌లోకి తెచ్చి 'మారింది' అని గుర్తు పెట్టేది. ఊహ తప్పినా గుర్తు చెరిగేది కాదు. తర్వాత ఆ పాత సమాచారం మెమరీకి తిరిగి వెళ్లి, ఏజీపీ దారిలో రాసిన కొత్తదాన్ని తుడిచేసేది. ఏ ప్రోగ్రామూ అక్కడ రాయలేదు! 4 మెగాబైట్ల పెద్ద పేజీలను ఆపేయడం తాత్కాలిక ఉపశమనం. అసలు పరిష్కారం కెర్నెల్ తన మ్యాపింగ్‌లోనూ ఆ పేజీ లక్షణాన్ని మార్చడమే.

పేజీకొక లక్షణం ఇచ్చే పాట్ విధానం 1999 నాటి పెంటియం III లోనే ఉంది. లినక్స్‌లో దానికి సమగ్రమైన మద్దతు 2008లో, 2.6.26 వెర్షన్‌తో గాని రాలేదు. ఈ జాప్యాన్ని బద్ధకంగా భావించరాదు. కొన్ని ప్రాసెసర్లలో పాట్ లోపాలుండేవి. పైగా ఏ భౌతిక ప్రాంతానికి ఎవరు ఏ లక్షణం కోరారో కెర్నెల్ లెక్క రాసి, పరస్పర విరుద్ధమైన కోరికలను పట్టుకోవలసి వచ్చింది.

లక్షణం మార్చడం ఖరీదైన పని. ప్రాసెసర్లన్నీ తమ వద్దనున్న పాత అనువాదాలను వదిలేయాలి, క్యాష్‌ను ఖాళీ చేయాలి. అందుకే 2009లో కెర్నెల్‌లో చేరిన టీటీఎం అనే గ్రాఫిక్స్ మెమరీ నిర్వాహక వ్యవస్థకు తర్వాత పేజీల నిల్వ ఒకటి జోడించారు. ఒకసారి మార్చిన పేజీలను అందులో దాచి మళ్లీ మళ్లీ వాడతారు. మెమరీ కొరత వచ్చినప్పుడు వాటిని మామూలు లక్షణానికి తిప్పి కెర్నెల్‌కు అప్పగిస్తారు.