జముకు నుంచి భాగోతం దాకా: ఉత్తరాంధ్ర వీధిపాటలో రెండో తరం

శ్రీకాకుళ రైతాంగ పోరాటంలో పుట్టిన పాటను సాహిత్య చరిత్రలు సాధారణంగా విప్లవగేయంగా లెక్కించి, అందులోని భావజాలాన్ని వివరించి ముగిస్తాయి. అది ఏ వాద్యం మీద, ఎన్ని గొంతులతో, ఎలాంటి చోట వినిపించిందన్న ప్రశ్న వెనకబడుతుంది. మొదటి తరం పాటకూ రెండో తరం పాటకూ మధ్య రూపం ఎందుకు మారిందో తెలియాలంటే ముందుగా వేసుకోవలసినది ఆ ప్రశ్నే.

బొడ్డపాడు ఆలయంలో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేపట్టాడు. జముకు ఒక కొస తోలుతో మూసిన గొట్టం వంటి వాద్యం. తోలు మధ్య నుంచి లాగిన తీగను బిగిస్తూ, సడలిస్తూ మీటితే నాదం మాటలాగే ఎక్కిదిగుతుంది. గ్రామదేవతల కథలకు అలవాటుపడిన ఆ నాదం మీద పాణిగ్రాహి రైతు కథ చెప్పాడు. ఇతివృత్తం మారిందని అందరూ గుర్తించారు. మారకుండా నిలిచిన వంత గురించే చర్చ తక్కువ. కథకుడు చెప్పుకుపోతుంటే వంత అడ్డుపడతాడు, అడుగుతాడు, ఎగతాళి చేస్తాడు. వినేవాడికి కలిగే సందేహం వంత నోట ముందే పలుకుతుంది. రాజకీయ ప్రబోధంలో సందేహించేవాడికి ఇంత సహజమైన చోటు ఇచ్చిన రూపం మరొకటి అరుదు.

1967 అక్టోబరు 31న లేవిడి వద్ద జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించారు. 1969 డిసెంబరులో పాణిగ్రాహి కూడా హతుడయ్యాడు. కథ చెప్పడానికి దళం కావాలి, రాత్రంతా కూర్చునే ఊరు కావాలి. నిర్బంధంలో ఆ రెండూ దొరకవు. పొట్టి పాటకు ఒక్క గొంతు చాలు. పొలంలోనో సంతలోనో విన్నవాడు దాన్ని మరో ఊరికి మోసుకుపోగలడు. రెండో తరంలో కథ స్థానాన్ని పాట ఆక్రమించడానికి అభిరుచిలో వచ్చిన మార్పు కంటే ఈ అవసరమే బలమైన కారణంగా కనిపిస్తుంది.

ఆ తరానికి ప్రధాన గొంతు వంగపండు ప్రసాదరావు. 1943లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ నౌకానిర్మాణ కేంద్రంలో పనిచేసిన ఈ కవి 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో గద్దర్‌తో కలిసి నడిచాడు. ఆయన ప్రసిద్ధ గీతం 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పేరులోని ఒక్క మాటను చూసినా ఆయన పద్ధతి తెలుస్తుంది. 'వెళ్దాం' అన్న రూపంలో మొదటి వకారం పోయి, ళకారం లకారమై 'ఎల్దం' అయింది. ఇది యాస కోసం అతికించిన అలంకారం కాదు; 'వెళ్దాం' అని దిద్దితే పాట నడకే కుంటుపడుతుంది. పైగా ఆ పేరు ఆజ్ఞ కాదు, ప్రశ్న. వంత వేదిక మీద లేకపోయినా, అతడి చోటు వినేవాడికి దక్కింది.

దాదాపు అదే కాలంలో, 1973లో, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో హిప్‌హాప్ పుట్టింది. వంగపండు పాటను 'మన ర్యాప్' అని పిలవాలనే ఉత్సాహం అందుకే సులభంగా కలుగుతుంది. మాటకూ తాళానికీ ఉన్న బంధంలో, వీధి భాషకు దక్కిన గౌరవంలో పోలిక నిలుస్తుంది. కాని ర్యాప్‌లో 'నేను' అనే కర్త ఎప్పుడూ ముందుంటాడు; తన పేరు, తన పేట, తన ప్రతాపం చెబుతాడు. ఉత్తరాంధ్ర పాటలో ఆ స్థానం 'మనం' అనే క్రియకు చెందుతుంది. 'ఎల్దం' ఉత్తమ పురుష బహువచనమే కదా!

వంగపండు నృత్యరూపకం 'భూమి భాగోతం'తో పాట మళ్లీ బృందంలోకి వచ్చింది. పేరు ఎంపికలో ఆయన చమత్కారం గమనించదగినది. భాగోతం ఒక ప్రదర్శన కళ. వ్యవహారంలో దాగిన బండారానికీ అదే పేరు. ఎవరి భూమి ఎవరి చేతికి ఎలా పోయిందో బయటపెట్టే ఆటకు ఇంతకంటే తగిన మాట లేదు. తూర్పు భాగోతాలు చూసి పెరిగిన ప్రేక్షకుడికి ఆ రెండర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి.